కష్టానికి ఆ ఘనత ఇవ్వొద్దు

గౌతమికి వరద వచ్చి తీసిన ప్రతిసారీ, తుపాను తీరం దాటిన ప్రతిసారీ యానాం గురించి ఒకే మాట వినిపిస్తుంది. ఇక్కడి జనం కష్టాలకు రాటుదేలినవాళ్ళట. నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగినవాళ్ళకు వరద ఒక లెక్క కాదట. దెబ్బ తగిలినకొద్దీ మనిషి గట్టిపడతాడట. సభల్లో ఈ మాటే, పత్రికల్లో ఈ మాటే, బడిలో పిల్లలకు చెప్పే నీతిలోనూ ఈ మాటే. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు ఇంకో అడుగు ముందుకేసి సంక్షోభాన్నే వరమంటున్నాయి. అనేవాళ్ళలో చాలామంది అభిమానంతోనే అంటారు. అయినా ఈ మాట తప్పు, పైగా దీనివల్ల నష్టం జరుగుతోంది. ఆ నష్టాన్ని మోస్తున్నది ఈ పొగడ్త అందుకుంటున్నవాళ్ళే.

యానాం ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు. 2011 లెక్కల్లో జనాభా 55 వేల చిల్లర. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలించే రాజధాని పుదుచ్చేరి మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. మీద గోదావరి, కింద బంగాళాఖాతం. ఏ ఏడాది ఏ వైపునుంచి నీరు వస్తుందో చెప్పలేని చోటు. కష్టం మనిషిని పెంచుతుందన్న వాదాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి చోటు తెలుగు నేల మీద దొరకదు. అందుకని ఇక్కడే పరీక్షిద్దాం.

కష్టం పెంచేదే అయితే ముందుగా పెరగవలసింది మన పక్కనున్న కోరంగి. పద్దెనిమిదో శతాబ్దంలో ఓడలు కట్టిన రేవు, ఓడలు బాగుచేసిన రేవు. 1789 డిసెంబర్‌లో తుపాను వచ్చి సముద్రం మూడు పెద్ద కెరటాలుగా ఊరి మీదికి వచ్చింది. ఇరవై వేల మంది పోయారని ఆనాటి కథనాలు చెబుతాయి. మళ్ళీ 1839 నవంబర్‌లో ఇంకో తుపాను. ఆసారి చనిపోయినవాళ్ళ సంఖ్య మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు గానీ, ఊరు ఘోరంగా దెబ్బతింది. యానాం కూడా ఆ ఉప్పెనలో మునిగింది. యాభై ఏళ్ళలో రెండు మహా విపత్తులు చూసిన కోరంగి ఉక్కులాగా తయారైందా? నదీముఖం మేట వేసింది, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. ఇవాళ కోరంగి అంటే మడ అడవి చూడడానికి వెళ్ళే చోటు.

మిగిలిన మనుషులు ఏమయ్యారు? వెళ్ళిపోయారు. 1828 నుంచే యానాంలో తెలుగు కూలీలను ఒప్పందం మీద ఓడలెక్కించి రీయూనియన్ దీవి చెరకు తోటలకు పంపారు. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు, తర్వాత బర్మాకు ఎంతమంది వెళ్ళారంటే, ఆ రెండు దేశాల్లోనూ తెలుగువాళ్ళందరికీ కోరంగీలన్న పేరే స్థిరపడింది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. కరవులు, తుపాను, పన్నుల భారం దాటుకుని 1841కి వచ్చేసరికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నాలుగో వంతు మనుషులు మాయం. కొందరు చనిపోయారు, కొందరు దేశాలు పట్టిపోయారు. కష్టాల బడిలో ఇరవై ఏళ్ళు కూర్చున్న జిల్లా నేర్చుకున్న పాఠం అది.

అదే జిల్లా మళ్ళీ లేచింది. ఎప్పుడు లేచింది? 1847లో మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక లేచింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర ఫోటో ఇవాళ్టికీ గోదావరి ఇళ్ళలో ఎందుకుందో అందరికీ తెలుసు. ఈస్టిండియా కుంపిణీవారు ఆనకట్టకు డబ్బు పెట్టింది జనం మీద దయతో కన్నా శిస్తు మీద ఆశతోనే. ఆ సంగతి మరచిపోనక్కర్లేదు. కానీ ఇక్కడ నేను చూపదలచింది ఇంకొకటి. 1840లో ఉన్న రైతు, 1860లో ఉన్న రైతు ఒకే మనిషి, ఒకే ఎముక, ఒకే గుండె. మారింది పొలం గట్టు పక్కన పారే కాలువ. పెరుగుదల ఆ కాలువ వెంట వచ్చింది. కరవు వెంట వచ్చినది వలస.

ఇదంతా పాత కథ అనేవాళ్ళ కోసం మన కళ్ళ ముందు జరిగినదే చెబుతాను. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా, దాదాపు మన నెత్తిమీదుగా తీరం దాటింది. విస్తీర్ణంలో చిన్నదే, గాలి మాత్రం భయంకరం. వెయ్యి మందికి పైగా చనిపోయారు, అంతకు మించి గల్లంతయ్యారు. ఆరు లక్షలకు పైగా ఇళ్ళు దెబ్బతిన్నాయి. కోనసీమ కొబ్బరి తోటలు కోత కోసినట్టు పడిపోయాయి. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నవి మత్స్యకారుల ఊళ్ళు. ఐ.పోలవరం మండలం భైరవపాలెం, కాట్రేనికోన మండలం బలుసుతిప్ప పేర్లు అప్పుడే రాష్ట్రమంతా విన్నది. వేటకు సముద్రంలో ఉన్నవాళ్ళు, రొయ్య పిల్లలు పట్టుకోవడానికి దీవుల మీద పాకలు వేసుకుని పిల్లాపాపలతో ఉన్నవాళ్ళు, వాళ్ళకు కబురు చేరేసరికే గాలి వచ్చేసింది.

ఆ రాత్రి పోయినవాళ్ళు గుండెధైర్యం లేక పోయారా? ఆ తీరంలో వాళ్ళకన్నా ధైర్యవంతులు ఎవరు? చిన్నప్పటి నుంచి ఆటుపోట్లతో బతికినవాళ్ళు, గాలి వాసన పట్టి వాన చెప్పగలవాళ్ళు. రాటుదేలడమే రక్ష అయితే వాళ్ళలో ఒక్కరు కూడా పోకూడదు. నగరంలో మేడ మీద పడుకున్నవాడు బతికాడు, జీవితమంతా సముద్రంతో పోరాడినవాడు పోయాడు. మేడకూ పాకకూ ఉన్న తేడాను గుండె దిటవుతో ఎవరూ పూడ్చలేరు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత మొదలైన తుపాను షెల్టర్లకు 1996 తర్వాత మరికొన్ని తోడయ్యాయి. ప్రపంచ బ్యాంకు అప్పుతో 1997లో ప్రత్యేక పథకమే వచ్చింది. తర్వాతి కాలంలో విశాఖలోనూ మచిలీపట్నంలోనూ డాప్లర్ రాడార్లు వచ్చాయి, మత్స్యకారుల చేతికి సెల్‌ఫోన్లు వచ్చాయి, 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరాన్నే చీల్చుకుంటూ వెళ్ళింది. రాష్ట్రంలో పోయినవాళ్ళు వేలు కాదు, వందలూ కాదు, పదుల్లో ఉన్నారు. ఒడిశాలో 1999 పెను తుపానుకు దాదాపు పది వేల మంది బలయ్యారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, మృతులు యాభై లోపే. బంగ్లాదేశ్‌లో 1970 భోలా తుపాను మూడు లక్షల మందికి తక్కువ కాకుండా మింగింది. 2007 సిద్ర్ నాటికి ఆ సంఖ్య వేలల్లోకి దిగింది. ఈ దేశాల జనం ఒక తరంలో హఠాత్తుగా ధీరులైపోలేదు. ముందే కబురు చెప్పే యంత్రం వచ్చింది, ఎక్కి కూర్చునే మేడ వచ్చింది, తీసుకెళ్ళే బస్సు వచ్చింది. ప్రాణాలు నిలిపినవి అవి. ఆ ఘనత కష్టానికి కట్టబెట్టడమంటే షెల్టర్ కట్టిన మేస్త్రీకీ, అర్ధరాత్రి తలుపులు తట్టి జనాన్ని లేపిన వి.ఆర్.ఓ.కీ అన్యాయం చేయడమే.

ఇక్కడ మన సంస్కృతి మాట ఎత్తుతారు. హరిశ్చంద్రుడు లేడా, పాండవులు లేరా అంటారు. గోదావరి జిల్లాల్లో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు ఉందా? కాటిసీను పద్యాలకు తెల్లవార్లూ కూర్చుని ఏడ్చిన జాతి మనది. ఆ కథ మీద నాకూ ప్రేమే. కానీ ఆ కథ చివర ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. దేవతలు దిగివస్తారు. లోహితాస్యుడు నిద్ర లేచినట్టు లేచి కూర్చుంటాడు, రాజ్యం తిరిగి వస్తుంది. పరీక్ష పెట్టినవాడే నష్టాన్నంతా పూడ్చి వెళ్ళాడు. బలుసుతిప్పలో గల్లంతైన పిల్లలు లేచి రాలేదు. ఇక పాండవులా? అరణ్యవాసమంతా అక్షయపాత్ర అన్నం పెట్టింది. ధౌమ్యుడు వెంట ఉన్నాడు. కృష్ణుడు కబురు పెడితే వచ్చాడు. అర్జునుడికి అస్త్రాలిచ్చిన దేవతలున్నారు. అజ్ఞాతవాసానికి విరాటుడి కొలువు దొరికింది. అడవి వాళ్ళను గట్టిచేసిందని మనం చెప్పుకుంటాం గానీ, వ్యాసుడు అడవిలో వాళ్ళను ఒక్క రోజు కూడా ఒంటరిగా వదల్లేదు. మన పురాణాలు కష్టాన్ని ఎంత వివరంగా చెప్పాయో, ఆ కష్టంలో పట్టుకోవడానికి దొరికిన చేతుల్ని అంతే వివరంగా చెప్పాయి. రెండో సగాన్ని వదిలేసింది మనం.

అవతలివాళ్ళ దగ్గర పురాణాలకన్నా బలమైన ఆధారాలు కూడా ఉన్నాయి. వాటిని దాటేసి వెళ్ళడం న్యాయం కాదు. అమెరికాలో మార్క్ సీరీ బృందం 2010లో ఒక పరిశోధన ప్రచురించింది. రెండు వేల మందికి పైగా జనాన్ని కొన్నేళ్ళపాటు గమనించి, జీవితంలో కొద్దిపాటి కష్టాలు చూసినవాళ్ళ మనసు ఏ కష్టమూ చూడనివాళ్ళ మనసుకన్నా కుదురుగా ఉందని తేల్చింది. దీన్ని చూపించి, చూశారా అంటారు. చూశాను. అదే పరిశోధన ఇంకో సగం కూడా చెప్పింది: కష్టాలు ఎక్కువగా పడ్డవాళ్ళు కొద్దిపాటి కష్టాలు చూసినవాళ్ళకన్నా అధ్వానంగా ఉన్నారు. మేలు చేసింది కొద్దిపాటి కష్టమే. పుటం పెడితేనే బంగారానికి వన్నె అని సామెతలా వాడతాం కదా, కంసాలి ఆ మంటను కొలిచి పెడతాడు, సమయానికి తీస్తాడు, మూసను పట్టుకారుతో పట్టుకునే ఉంటాడు. ఇల్లు తగలబడినప్పుడు బీరువాలో కరిగిపోయిన గొలుసును చూసి వన్నె వచ్చిందని ఎవరూ అనరు. యానాం పల్లపు కాలనీలో బతికేవాడికి మంటను కొలిచి పెట్టేవాడు లేడు. నదిలో వరద, వెనకనే జ్వరాలు, వెనకనే అప్పు, వెనకనే పిల్లాడి చదువు మానిపించడం, అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి.

దెబ్బ తర్వాత మనిషి పెరుగుతాడన్న సిద్ధాంతానికి అమెరికన్ మనస్తత్వవేత్తలు టెడెస్కీ, కాల్హౌన్ 1990లలో ఒక కొలమానమే తయారు చేశారు. దెబ్బ తిన్నవాళ్ళను, మీలో ఏమైనా మార్పు వచ్చిందా, బంధాల విలువ తెలిసిందా, బలం పెరిగిందా అని అడుగుతారు. చాలామంది వచ్చిందనే చెబుతారు. నిజంగా పెరిగారో లేదో తేల్చాలంటే దెబ్బకు ముందూ కొలిచి ఉండాలి కదా. ప్యాట్రీషియా ఫ్రేజియర్ బృందం ఆ పని చేసి 2009లో ఫలితాలు చెప్పింది. విద్యార్థులను ముందూ తర్వాతా కొలిస్తే, పెరిగామని వాళ్ళు అనుకున్నదానికీ కొలతలో కనిపించినదానికీ పెద్దగా పొంతన లేదు. పైగా పెరిగామని ఎక్కువ చెప్పినవాళ్ళలో మనోవేదనే పెరిగింది. ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. గోదావరి జిల్లాల్లో ఇంటాయనను పోగొట్టుకున్న ఏ మనిషినైనా పలకరించండి. బాగానే ఉన్నామండీ, దేవుడి దయ అంటారు. ఆ మాట ఎదుటివాళ్ళ మర్యాద కోసం అనేది. దాన్ని వైద్య పరీక్ష ఫలితంలా చదవకూడదు.

హవాయి దీవుల్లోని కవాయ్‌లో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల తరబడి గమనించారు. పేదరికం, తాగుడు, గొడవల ఇళ్ళలో పుట్టిన పిల్లల్లో మూడో వంతు చక్కగా ఎదిగారు. మిగతా రెండు వంతుల మందికి బాల్యంలోనో యవ్వనంలోనో ఇబ్బందులు తప్పలేదు. ఎదిగినవాళ్ళకు ఏం దొరికింది? అమ్మమ్మో, పిన్నో, బడిలో మాస్టారో, పక్కింటావిడో, నిలకడగా పట్టించుకున్న మనిషి ఒక్కరు. కష్టం అందరికీ ఒకటే పడింది. మనిషి కొందరికే దొరికింది.

2022 జులై వరద సంగతి దగ్గరగా చూద్దాం. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు రావడం అదే. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. ఆ నీరు సముద్రంలో కలిసే తోవల్లో ఒకదాని మీద యానాం ఉంది. పల్లపు కాలనీల్లో నడుంలోతు నీరు. వరద ఇంట్లోకి వచ్చేముందు ఏం చేయాలో ఇక్కడి ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బియ్యం అటక మీదికి, గ్యాసు బండ మంచం మీదికి, ఆ మంచం కింద నాలుగు వైపులా ఇటుకలు. రేషన్ కార్డు, ఆధార్, ఇంటి పట్టా, పిల్లల టీసీలు పాలిథిన్ కవరులో చుట్టి జాకెట్లో. పడవ ఇంజను విప్పి డాబా ఉన్నవాళ్ళింటికి, వలలు కూడా అక్కడికే. నీరు తీసేటప్పుడు ఇంకో తంతు ఉంది. పూర్తిగా తీసేదాకా ఆగకూడదు. చీలమండలోతు నీరు ఉండగానే చీపురుతో కలియబెట్టి ఒండ్రును ఆ నీటితోపాటే గుమ్మం దాటించాలి. ఆలస్యమైతే బురద నేలకు పట్టి ఎండి పలుగుతో తవ్వాల్సి వస్తుంది. అందుకని ఆడవాళ్ళు రాత్రిళ్ళు నిద్రపోకుండా నీటిమట్టం చూస్తూ కూర్చుంటారు.

ఈ నేర్పును చూసి ముచ్చటపడేవాళ్ళను నేను తప్పుపట్టను. ఇది గొప్ప నేర్పే. కానీ ఈ నేర్పుతో వాళ్ళు సాధించింది ఏమిటి? వరదకు ముందు ఉన్నచోటికి తిరిగి రావడం. అదీ పూర్తిగా కాదు. మంచం పాడైంది, బొంతలు పోయాయి, పుస్తకాలు ఉబ్బిపోయాయి, నెల రోజుల కూలి పోయింది. చెవులకున్నవి తాకట్టుకు వెళ్ళాయి. వీళ్ళ తెలివి, ఓపిక, నిద్ర అన్నీ ఒండ్రు ఊడ్చడానికే ఖర్చయ్యాయి. అదే ఓపిక పిల్లల చదువు మీదో, ఒక చిన్న వ్యాపారం మీదో పెట్టి ఉంటే ఎంత పెరిగేవాళ్ళో లెక్క కట్టేవాళ్ళు లేరు. ఎదుగుదలంటే అది కదా.

నిజానికి ఈ ఊరిని నిలబెట్టేది చేబదులు. వరద తీసిన మర్నాడు పొయ్యి వెలగాలంటే రెండు వందలు కావాలి. పక్కింటావిడ ఇస్తుంది, వడ్డీ లేదు, కాగితం లేదు. ఆవిడకు కావలసినప్పుడు ఈవిడ ఇస్తుంది. డాబా ఉన్న ఇల్లు ఆ నాలుగు రోజులూ నలభై మందికి ఇల్లవుతుంది. డేనియల్ ఆల్డ్రిచ్ అనే పండితుడు 2012లో తన పుస్తకంలో టోక్యో, కోబే, న్యూ ఆర్లీన్స్‌తోపాటు 2004 సునామీ తర్వాతి తమిళనాడు తీరాన్నీ పరిశీలించి, ఊరు కోలుకునే వేగాన్ని నిర్ణయించేవాటిలో ఇరుగుపొరుగు బంధాలదీ, బయటి అధికారులతో ఉన్న సంబంధాలదీ పెద్ద పాత్ర అని చూపించాడు. ఆయనే ఇంకో చేదు నిజం కూడా చెప్పాడు. తమిళనాడులో బలమైన కుల పంచాయతీలున్న ఊళ్ళు త్వరగా సాయం తెచ్చుకున్నాయి, కానీ ఆ పంచాయతీల జాబితాల్లో లేని దళితులకు, ఒంటరి స్త్రీలకు, బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకు ఆ సాయం అందలేదు. కాబట్టి చేబదులును కూడా ఆకాశానికెత్తడానికి లేదు. చేబదులు దొరకని ఇల్లు ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. ఆ ఇంటికి దారి సావుకారు దగ్గరికే. ఆయన దగ్గర ముందే డబ్బు తీసుకుంటే పట్టిన చేప ఆయనకే, ఆయన చెప్పిన ధరకే. వరద తెచ్చే ఎర్రనీటిలో ఖరీదైన పులస చేప పడినా ఆ వల యజమానికి పులస ధర దక్కదు.

ఇంకో విషయం చెప్పాలి. మనం మెచ్చుకునే కష్టం ఎప్పుడూ ప్రకృతి పెట్టినదే. 2012 జనవరి 27న యానాం మరో రకం కష్టం చూసింది. రీజెన్సీ సిరామిక్స్‌లో కార్మికుల ఆందోళన ముదిరి, పోలీసు చర్య జరిగిన రోజున ఒక కార్మిక నాయకుడు ప్రాణం కోల్పోయాడు. ఆ కోపంలో జరిగిన హింసలో కంపెనీ ఉన్నతాధికారి ఒకరు హతమయ్యారు, ఫ్యాక్టరీ తగలబడింది, ఊళ్ళో కర్ఫ్యూ పెట్టారు. 1980ల నుంచి ఊరికి అన్నం పెట్టిన ఫ్యాక్టరీ మూతపడింది. ఆ హత్యను, ఆ దహనాన్ని ఎవరూ సమర్థించకూడదు, నేనూ సమర్థించను. కానీ ఆ తర్వాత జీతం లేకుండా మిగిలిన కుటుంబాల సంగతి చూడండి. వరద బాధితులకు దొరికిన పొగడ్త కూడా వాళ్ళకు దొరకలేదు. వాళ్ళ కష్టాన్ని ఎవరూ వరమనలేదు, వాళ్ళు రాటుదేలారని ఎవరూ రాయలేదు. ఎందుకంటే అక్కడ కష్టానికి కారణం మనుషులు, అడిగితే జవాబు చెప్పవలసినవాళ్ళున్నారు. తుపాను కష్టాన్ని మెచ్చుకోవడం తేలిక, దానికి జవాబుదారు ఎవరూ లేరనుకుంటాం కాబట్టి. ఆ అనుకోవడమూ తప్పే. గట్టు ఎక్కడ పల్లంగా ఉందో, మురుగు కాలువకు తలుపు ఎక్కడ లేదో, మడ చెట్లు ఎక్కడ నరికారో, వీటన్నిటికీ జవాబుదార్లున్నారు.

పొగడ్త నష్టం చేస్తుందన్నాను. ఎలాగో చెబుతాను. ఈ జనం తట్టుకోగలరన్న నమ్మకం దఫ్తరంలో కూర్చున్నవాడి చేతిలో తొందర లేకుండా చేస్తుంది. కేజీ బేసిన్‌లో గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ తవ్వకాల వల్ల 2012 ప్రాంతంలో వేట పోగొట్టుకున్న ముమ్మిడివరం తీరపు వేల కుటుంబాలకు బకాయి ఉన్న పరిహారం 2019 నవంబర్ 21న అందింది. అదీ రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి ఇస్తే. ఏడేళ్ళు! ఏడేళ్ళు ఆగగలిగారు కాబట్టి వాళ్ళు గట్టివాళ్ళా? ఏడేళ్ళలో ఏడో తరగతి పిల్లాడు చదువు మానేసి, కూలికి చెన్నై వెళ్ళి, పెళ్ళీడుకొస్తాడు. సముద్రంలో గల్లంతైనవాడి భార్య సంగతి ఇంకా కష్టం. ప్రభుత్వం ప్రత్యేకంగా సడలిస్తే తప్ప, ఏడేళ్ళు కబురు లేకుంటే గానీ మనిషి చనిపోయినట్టు భావించని చట్టం మనది. మరణ పత్రం లేనిదే బీమా రాదు, పింఛను రాదు, పడవ పేరు మారదు. భర్త తిరిగి రాడని తనకు తెలిసినా, కాగితం మీద ఆమె ఇంకా సుమంగళే. ఆ ఏళ్ళపాటు ఆమె చూపే స్థైర్యాన్ని కొనియాడేవాడు ముందు ఆ కాగితం ఎందుకు ఆలస్యమైందో అడగాలి.

యానాం విషయంలో ఈ ఆలస్యం రెండింతలు. ఏటి అవతల ఎదుర్లంక ఆంధ్ర, ఇవతల యానాం పుదుచ్చేరి. వరద ఒకటే, సాయం లెక్కలు వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం రెండు ఒడ్డులకూ ఒకటే, భృతి మాత్రం ఏ ప్రభుత్వానిది ఆ ప్రభుత్వానిదే. ఇక్కడి అడ్మినిస్ట్రేటరు దాటి పోవలసిన ప్రతి ఫైలూ ఎనిమిది వందల కిలోమీటర్లు వెళ్ళి రావాలి. 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా ఈ దూరం వెళ్ళిపోలేదు.

ఇలా రాస్తే నా మీద ఒక అభ్యంతరం చెబుతారు: జనాన్ని నిస్సహాయులుగా చూపిస్తున్నావు, వాళ్ళ ఆత్మగౌరవం తీసేస్తున్నావు. నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. పరిహారం కోసం ఏడేళ్ళు పట్టు వదలకుండా తిరిగినవాళ్ళు నిస్సహాయులు కారు. గట్టు పని కోసం ఆఫీసు ముందు బైఠాయించే ఆడవాళ్ళు నిస్సహాయులు కారు. అడగడం వాళ్ళ ఆత్మగౌరవంలో భాగం. మీరు గట్టివాళ్ళు, తట్టుకుంటారు అని భుజం తట్టి పంపేసినప్పుడు తగ్గేది ఆ గౌరవం. కష్టంలోంచి కొందరు నిజంగానే ఎదిగి వస్తారు, అలాంటివాళ్ళు నాకూ తెలుసు. వాళ్ళను అడిగితే తమకు ఫీజు కట్టిన మాస్టారి పేరు, అన్నం పెట్టిన హాస్టల్ పేరు, ఆ ఏడు అప్పు వసూలు ఆపిన మనిషి పేరు చెబుతారు. వరదకు దండం పెట్టినవాళ్ళు నాకు కనబడలేదు.

అందుకని అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. వేట నిషేధ భృతి నిషేధం ముగిశాక కాదు, ఏప్రిల్ 15 ఉదయానికి చేతిలో ఉండాలి. ఎర్రనీరు రాకముందే, అంటే జూన్ లోపు, యానాంలోని దరియాలతిప్పతో మొదలుపెట్టి ఏటిగట్టంతా ఇంజనీర్లు నడిచి చూసి పల్లపు చోట్ల మట్టి వేయాలి. రెండు ఒడ్డుల మత్స్యకారులకూ ఒకే పరిహారం ఉండేలా రెండు ప్రభుత్వాలూ కూర్చుని రాసుకోవాలి. సముద్రంలో గల్లంతైనవాళ్ళ విషయంలో ప్రతి తుపానుకూ కొత్తగా ప్రాధేయపడే పని లేకుండా మరణ పత్రానికి గడువు నిబంధనల్లోనే ఉండాలి. పరిహారం ఆలస్యమైతే ఆ ఆలస్యానికి వడ్డీ కట్టి ఇవ్వాలి, అదీ బ్యాంకు వడ్డీ కాదు. ఆ డబ్బు కోసం ఎదురుచూస్తూ మనిషి సావుకారు దగ్గర నెలకు నూటికి మూడు రూపాయల చొప్పున అప్పు తెచ్చుకుంటే, ప్రభుత్వం కూడా నెలకు నూటికి మూడు రూపాయల చొప్పునే కట్టాలి.